కరకరలాడాలంటే ముందు తడి ఆరాలి

వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్ ఇంటికొచ్చిన రోజు ఉత్సాహం ఆపుకోలేక, ఉడికిన శనగల్లో నీళ్లు వంపేసి అలాగే బుట్టలో పోసేశాను. ఇరవై నిమిషాలయ్యాక తీసి చూస్తే పొట్టు తోలులా సాగుతోంది, లోపలేమో పిండిపిండిగా ఉంది, ఇంట్లోవాళ్లు తలా రెండు గింజలు నోట్లో వేసుకుని మర్యాదగా పక్కకు జరిగారు. దండగమారి మిషన్ కొన్నానేమో అని రాత్రంతా టెన్షన్. మర్నాడు మిగిలిన శనగల్ని బట్టమీద పరిచి, ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి మళ్లీ వేశాను. ఈసారి గిన్నెలోకి పోస్తుంటేనే గలగలమని చప్పుడు. వేడి మార్చలేదు, టైము మార్చలేదు. తడి పోయింది, అంతే.

ఇది తెలిశాక వంటింట్లో ఉన్న మిషన్లన్నీ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. దేన్ని వాడబోయినా, ఇది తడిని లాగేస్తుందా, లోపలే పట్టి ఉంచుతుందా, లేకపోతే ఇందులో అసలు తడి తగలకూడదా అని ఒక్కసారి ఆలోచించుకుంటే చాలావరకు తప్పులు జరగవు. ఇంట్లో చేసుకునే ఆరోగ్యకరమైన చిరుతిళ్లు రుచిగా లేవని మానేసేవాళ్లలో ఎక్కువమందికి వచ్చే చిక్కు కూడా ఇక్కడే, మెత్తబడిపోయిన శనగలు తినమంటే ఎవరు తింటారు చెప్పండి, బజార్లో కొన్న ప్యాకెట్టే చింపుతారు.

కారణం సులువే. ముక్కమీద నీళ్లున్నంతసేపు దాని పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, వచ్చిన వేడంతా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది కాబట్టి (డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాను). మనకు కావలసిన ఎర్రటి రంగు, వేగిన వాసన జోరుగా రావాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఫ్రాన్స్‌కి చెందిన లూయీ కమీల్ మయార్ 1912లో దీని గురించి రాశాడని ఆ మార్పుకి మయార్ చర్య అని పేరు. ఉడకబెట్టిన దుంప ఎంతసేపు ఉడికినా ఎర్రబడదు, పెనంమీద వేస్తే పది నిమిషాల్లో ఎర్రబడుతుంది, దాని గుట్టు ఇదే.

శనగలు, మొదటి నుంచీ

ఎయిర్ ఫ్రయర్ పేరులో ఫ్రయర్ ఉంది గానీ అది నూనెలో వేయించే మిషన్ కాదు. పైన వేడెక్కే కాయిల్, దాని దగ్గర గట్టిగా తిరిగే ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట. ఫిలిప్స్ 2010లో ఎయిర్ ఫ్రయర్ అని అమ్మడం మొదలుపెట్టాక ఆ పేరు స్థిరపడింది గానీ, ఫ్యాన్ ఉన్న ఓవెన్‌ని చిన్నది చేస్తే వచ్చేది ఇదే, కాబట్టి ఇంట్లో అలాంటి ఓవెన్ ఉంటే ఇంకోటి కొనక్కర్లేదు, కొంచెం ఎక్కువసేపు పడుతుంది అంతే. నేనైతే దీన్ని బట్టలు ఆరేసుకునే దండెంలా చూస్తాను. ఒకదానిమీద ఒకటి వేస్తే ఎంత గాలి ఉన్నా ఆరవు కదా, బుట్టలో శనగలు కుప్పగా పోసినా అంతే. ఒక వరస, మహా అయితే వరసన్నర.

పావుకిలో కంటే కొంచెం తక్కువ, అంటే 200 గ్రాముల ఎండు శనగలు (పెద్దవి, తెల్లవి) ఎనిమిది గంటలు నానబెట్టండి. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి కుక్కర్లో ఉడికించండి. వేలితో నొక్కితే నలగాలి కానీ చితికిపోకూడదు, అంతకంటే మెత్తబడితే అవి చిరుతిండికి పనికిరావు, కూరలో వేసుకోండి. జల్లెడలో వంపేశాక వేడివేడిగా ఉన్నప్పుడే పొడిబట్టమీద పరిచేయండి, ఎందుకంటే వేడి గింజ తన తడిని తనే ఆవిరిగా వదిలేస్తుంది, మీకు సగం పని తగ్గుతుంది. పైన ఇంకో బట్ట వేసి అరచేత్తో మెల్లగా దొర్లించండి. ఊడొచ్చిన పొట్టు ఏరేయండి, లేకపోతే అవి ఫ్యాన్ గాలికి ఎగిరి మాడతాయి. అరగంట ఆరాక గింజ పట్టుకుంటే వేలికి చల్లదనం తగలకూడదు. అదే గుర్తు.

ఇప్పుడు ఒక టీస్పూన్ నూనె, అంతకంటే వద్దు, చేత్తో అన్నిటికీ పట్టించి, రెండు విడతలుగా 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాల పైచిలుకు వేయించండి. ఐదేసి నిమిషాలకు బుట్ట లాగి కుదపాలి. పది నిమిషాల తర్వాత చప్పుడు మారడం వింటారు, మొదట్లో మెత్తగా దబదబలాడేవి చివరికి గులకరాళ్లలా గలగలమంటాయి. ఒకటి తీసి, నిమిషం చల్లారనిచ్చి కొరికి చూడండి, వేడిమీద అన్నీ కొంచెం మెత్తగానే ఉంటాయి కాబట్టి వెంటనే కొరికి కంగారుపడొద్దు. ఉప్పు, కారం, మిరియాల పొడి ఏది వేసినా బయటికి తీశాకే, ఆ వేడికే అంటుకుంటాయి. ముందే వేస్తే కారం మాడి ఇల్లంతా దగ్గులు. ఆ అనుభవం కూడా అయింది లెండి.

బుట్టలో వేసే చిల్లుల కాగితం గురించి ఒక మాట. ముందుగా వేడి చేసేటప్పుడు ఖాళీ కాగితాన్ని లోపల పెట్టొద్దు, ఫ్యాన్ గాలికి లేచి పైనున్న కాయిల్‌కి తగులుతుంది. నేను పెట్టాను. పొగ వచ్చింది, మంట రాకముందే ప్లగ్ పీకాను, అప్పటినుంచి పైన బరువుగా తిండి పెట్టాకే కాగితం. అలాగే డబ్బాల్లో వచ్చే నూనె స్ప్రేలు కొన్ని నాన్‌స్టిక్ పూతమీద జిగురుపొరలా పట్టేసి వదలవు, చిన్న బ్రష్షు గానీ చేయి గానీ నయం.

ఆలుగడ్డ, చిలగడదుంప ముక్కలకీ ఇదే పద్ధతి, ఒక మెట్టు ఎక్కువ. పిండిపదార్థం ఉన్నవాటిని 120 డిగ్రీలు దాటించి వేయిస్తే క్యాన్సర్ కారకం కావచ్చని అనుమానం ఉన్న ఆక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్‌లో బయటపెట్టారు, ఎంత నల్లగా మాడితే అది అంత ఎక్కువ. అందుకే కోసిన ఆలుగడ్డ ముక్కల్ని పావుగంట నుంచి అరగంట నీళ్లలో ఉంచి, పారబోసి, బాగా తుడిచి వేయాలి, బంగారు రంగు రాగానే తీసేయాలి. పచ్చి ఆలుగడ్డల్ని ఫ్రిజ్‌లో దాచకండి, చల్లదనానికి వాటిలో చక్కెర పెరిగి, వేయిస్తే గబుక్కున నల్లబడతాయి. చిలగడదుంపకి చక్కెర ఎలాగూ ఎక్కువే, 180 దగ్గర పెట్టి దగ్గరుండి చూసుకోండి. అది ఆలుగడ్డంత కరకర మాత్రం రాదు, ఇంటర్నెట్లో ఫొటోలు చూసి ఆశపడొద్దు.

పలచగా, సమానంగా కోయడానికి మాండలిన్ అని బ్లేడు బిగించిన పలక ఒకటి దొరుకుతుంది. పని అద్భుతంగా చేస్తుంది, వేలు కూడా అంతే అద్భుతంగా కోస్తుంది. దానితోపాటు వచ్చే పట్టు వాడకుండా ఒక్క ముక్క కూడా కోయకండి.

కుక్కర్లో తడి ఎక్కడికీ పోదు

కుక్కర్ ఎయిర్ ఫ్రయర్‌కి పూర్తిగా ఎదురు. ఆవిరిని బయటికి పోనివ్వకుండా బిగించేస్తుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్లు మరిగే వేడి కూడా పెరుగుతుంది, చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర సుమారు 121 డిగ్రీలు. ఫ్రాన్స్‌కి చెందిన శాస్త్రవేత్త డెనీ పాపాఁ 1679లో దీని తొలి రూపాన్ని ఎముకలు మెత్తబరచడానికే చూపించాడు, మన శనగలొక లెక్కా.

అయితే విజిల్స్ లెక్కపెట్టడం నమ్మకమైన కొలత కాదు. మంట పెద్దదైతే గబగబా వస్తాయి, రబ్బరు వదులైతే అసలు రావు, ఇంకొకరింటి నాలుగు విజిల్స్ మీ ఇంట్లో ఏడు కావచ్చు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, గడియారం చూసుకోండి. నానిన శనగలకు పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, తర్వాత ఒత్తిడి దానంతటదే దిగనివ్వాలి. తొందరపడి విజిల్ ఎత్తేస్తే ఒక్కసారిగా లోపల నీళ్లు కుతకుతలాడి పొట్లు చిట్లుతాయి. పప్పులు, గింజలు ఏవైనా సగానికి మించి నింపొద్దు, నురగ పైకొచ్చి ఆవిరి పోయే దారి మూసేస్తుంది. మూత పెట్టేముందు ఆ చిల్లుని వెలుతురుకి ఎత్తి అటువైపు కనిపిస్తోందా చూడటం రెండు సెకన్ల పని.

స్లో కుక్కర్ (తక్కువ వేడిమీద గంటలకొద్దీ వండే కరెంటు పాత్ర) ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త, ఇది నిజంగా ముఖ్యం. ఎర్ర రాజ్మాని పచ్చిగా అందులో వేసి పొద్దున్నించి సాయంత్రం దాకా వదిలేయకండి. రాజ్మాలో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది, కళపెళ మరిగితేనే పోతుంది, స్లో కుక్కర్లోని తక్కువ వేడికి పోకపోగా ఇంకా పెరిగే ప్రమాదం ఉంది, సరిగ్గా ఉడకని గింజలు కొన్ని తిన్నా వాంతులవుతాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట బాగా మరిగించాకే స్లో కుక్కర్లో వేయండి.

మిక్సీలో పీనట్ బటర్, చుక్క నీళ్లు లేకుండా

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. కావలసింది పల్లీలొక్కటే. 300 గ్రాముల పల్లీల్ని 160 డిగ్రీల దగ్గర ఎనిమిది పది నిమిషాలు ఎయిర్ ఫ్రయర్‌లోనో, పెనంమీద సన్నమంటమీదో వేయించి, బట్టలో మూటకట్టి నలిపితే పొట్టు వస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీలో వేయండి, పూర్తిగా చల్లారితే నూనె వదలడానికి ఎక్కువసేపు పడుతుంది. జార్ పొడిగా ఉండాలి. తుడిచానులే అని సరిపెట్టుకోకండి, బ్లేడు కింద ఒక చుక్క ఎప్పుడూ దాక్కుని ఉంటుంది, తలకిందులు చేసి ఆరబెట్టండి.

అరనిమిషం తిప్పండి, ఆపండి, గోడలకంటినది చెంచాతో కిందికి తోయండి. మొదట రవ్వలా అవుతుంది. తర్వాత ఉండకట్టి బ్లేడు చుట్టూ ముద్దగా తిరుగుతుంది, సరిగ్గా ఇక్కడే అందరికీ చేయి ఊరుకోదు, గట్టిగా ఉంది కదా అని ఒక చెంచా నీళ్లు పోస్తారు. పోశారో అయిపోయింది, పల్చబడాల్సింది ఇంకా బిగుసుకుని సిమెంటులా తయారవుతుంది, పైగా త్వరగా పాడవుతుంది. పల్లీల బరువులో దాదాపు సగం నూనే, అది బయటికొచ్చేదాకా ఓపికపడితే చాలు. ఇంకో మూడు నాలుగు విడతలు తిప్పండి. ముద్ద మెల్లగా మెరవడం మొదలుపెడుతుంది, అంచులు జారతాయి, ఒక్కసారిగా బ్లేడు చప్పుడు తేలికవుతుంది, మూత తీస్తే దోసపిండి జారినట్టు జారుతుంది. మొత్తం ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు, మధ్యలో విరామాలతో. మోటరు భాగం చెయ్యి పెట్టలేనంత కాలినా, రబ్బరు వాసన వచ్చినా పది నిమిషాలు వదిలేయండి, మిక్సీ కాలిపోయేది ఇలాంటప్పుడే. తేనె కలపాలంటే జార్లోంచి తీశాక చేత్తో కలపండి, అది కూడా బిగిసేలా చేస్తుంది.

ఉప్పు చిటికెడు. యాపిల్ ముక్కలమీద రాసుకుని తినండి, క్యారెట్ ముక్క ముంచుకుని తినండి. పల్లీలు పడనివాళ్లు ఇంట్లో ఉంటే ఇదే పద్ధతిలో నువ్వులతో చేయండి, కొంచెం నూనె కలపాల్సి రావచ్చు, నువ్వులు కూడా కొందరికి పడవు కాబట్టి అది కూడా అడిగి తెలుసుకోండి. జార్ కడగడం పెద్ద రోత పని అనిపిస్తే, గోరువెచ్చటి నీళ్లు సగం, సబ్బు చుక్క వేసి పది సెకన్లు తిప్పండి, అదే కడుక్కుంటుంది. వేడి పులుసో సూపో మిక్సీలో వేసేటప్పుడు మాత్రం సగానికంటే తక్కువే నింపి, మూతమధ్య చిన్న బిళ్ల తీసి, బట్ట కప్పి తిప్పండి. గాలాడకుండా బిగిస్తే ఆవిరి మూతని ఎగరేస్తుంది.

నంజుకోవడానికి ఇంకోటి కావాలంటే పెరుగుని పలుచటి బట్టలో కట్టి జల్లెడలో పెట్టి ఫ్రిజ్‌లో ఐదారు గంటలు ఉంచండి, అరకిలో పెరుగు ఇంచుమించు సగమవుతుంది, చిక్కగా వెన్నలా ఉంటుంది. అందులో వెల్లుల్లి, మిరియాలు, తురిమిన కీరా కలపొచ్చు. కీరాకి ముందు చిటికెడు ఉప్పు పట్టించి పది నిమిషాలాగి గట్టిగా పిండేయండి, లేదంటే అంత కష్టపడి తీసిన నీళ్లు మళ్లీ కీరాలోంచి దిగిపోతాయి.

పాప్‌కార్న్‌లో మాత్రం తడే హీరో

ఇంతసేపూ తడిని తిట్టాను గానీ, పాప్‌కార్న్ పేలేది దానివల్లే. గింజలోపల సుమారు 14 శాతం నీళ్లుంటాయి, 180 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి ఒత్తిడికి గట్టి పొట్టు పగిలి లోపలి పిండి పువ్వులా విచ్చుకుంటుంది. మూత తీసి వదిలేసిన పాత గింజలు పేలకపోవడానికి కారణం ఎండిపోవడమే. పారేయకండి, మూడు కప్పుల గింజలకు ఒక టేబుల్‌స్పూన్ నీళ్లు పోసి సీసా మూతపెట్టి బాగా ఊపి, రెండు మూడు రోజులు అప్పుడప్పుడూ ఊపుతూ ఉంచండి, చాలావరకు మళ్లీ ప్రాణం పోసుకుంటాయి.

మైక్రోవేవ్‌లో చేయడానికి ప్రత్యేకం ప్యాకెట్లు అక్కర్లేదు. మైక్రోవేవ్‌కి పనికొచ్చే పెద్ద గాజుగిన్నెలో మూడు టేబుల్‌స్పూన్ల గింజలు, నూనె లేకుండానే, పైన మైక్రోవేవ్‌లో పెట్టదగ్గ పళ్లెం మూతగా. ఫుల్ పవర్‌లో రెండున్నర నుంచి నాలుగు నిమిషాలు. చెవి అక్కడే పెట్టండి, పేలుడుకీ పేలుడుకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ వచ్చిందా, ఆపేయండి, అన్నీ పేలాలని చూస్తే పేలినవి మాడతాయి. గిన్నె నిప్పులా ఉంటుంది, మందపాటి గుడ్డతో పట్టుకోండి, పళ్లెం మీకు ఎదురుగా కాకుండా అటువైపు ఎత్తండి. ఎయిర్ ఫ్రయర్‌లో పాప్‌కార్న్ వద్దు, తేలికైన పువ్వులు ఎగిరి కాయిల్‌లో ఇరుక్కుంటాయి. మైక్రోవేవ్‌లో గుడ్డు ఉడకబెట్టడం, ఉడికిన గుడ్డు వేడిచేయడం కూడా వద్దు, బయటికి తీసి కొరికాక కూడా పేలొచ్చు. నాలుగేళ్లలోపు పిల్లలకు పాప్‌కార్న్, ఈ గట్టి శనగలు, పల్లీలు ఇవ్వకండి, గొంతుకి అడ్డుపడతాయి.

ఇవన్నీ కాక ఒక చిన్న తూకం మిషన్

అన్నిటికంటే తక్కువ చోటు పట్టేది, ఎక్కువ నిజాలు చెప్పేది ఇదే. ఒక టేబుల్‌స్పూన్ నూనె 14 గ్రాములు, దాదాపు 120 కేలరీలు. సీసాని తూకంమీద పెట్టి సున్నా నొక్కి, మీరు రోజూ వాడినట్టే బాణలిలో పోసి, సీసాని మళ్లీ పెట్టి చూడండి. నేను ఒక చెంచా అనుకున్నది మూడు చెంచాలు తేలింది. గింజలదీ అంతే, 30 గ్రాముల పల్లీలు 170 కేలరీలు, అది ఒక చిన్న గుప్పెడే, టీవీ ముందు డబ్బా పెట్టుకుంటే ఎన్ని గుప్పిళ్లు పోతాయో లెక్కుండదు. అందుకే నేను వారానికోసారి చిన్న డబ్బాల్లో తూచి పెట్టేస్తాను. గుడ్డు కోసే తీగలు, అరటిపండు ముక్కలు చేసే అచ్చు లాంటివి కొనేముందు ఆ పని చాకుతో ఎంతసేపో చూసుకోండి.

చివరగా, డబ్బాలో పెట్టడం. వేయించినవి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, వెచ్చగా ఉన్నప్పుడు పెడితే ఆవిరి మూతకి పట్టి నీళ్లై మళ్లీ వాటిమీదే పడుతుంది. శనగలు ఎంత బాగా వేగినా రెండో రోజుకి మెత్తబడతాయి, లోపల మిగిలిన తడి మెల్లగా పైకి వస్తుంది కాబట్టి. ఉడికించిన గింజలు, పెరుగు రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, ఎండ మండిపోతుంటే గంటే. మెత్తబడిన శనగల్ని 160 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు మళ్లీ తిప్పి, పళ్లెంలో చల్లారబెట్టండి, ఆ గలగల చప్పుడు తిరిగొస్తుంది.